బ్లాక్ సబ్బాత్ అంటే రెండు పాటలూ ఒక గబ్బిలమూ కాదు

సంపాదకుడి గారికి,

మీ ఆదివారం సంచికలో హెవీ మెటల్ అనే హోరు రాక్ సంగీతం గురించి, బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ గాయకుడు ఓజీ ఆస్బోర్న్ గురించి వచ్చిన వ్యాసం చదివాను. గబ్బిలం తల కొరకడం ఉంది, డ్రగ్స్ ఉన్నాయి, టీవీ రియాలిటీ షో ఉంది, పాటల దగ్గరికొస్తే మాత్రం ‘ఐరన్ మ్యాన్’, ‘పారనాయిడ్’ అని రెండు పేర్లు చెప్పి వదిలేశారు. ఆ రెండూ 1970లో వచ్చిన ఒకే ఆల్బమ్‌లోవి. బ్లాక్ సబ్బాత్ 2013 దాకా ఆల్బమ్‌లు చేసిందండీ. ఇళయరాజా గురించి రెండు పాటలు విని వ్యాసం రాస్తే మన పాఠకులు ఊరుకుంటారా?

ఇంకోటి, ‘ఓజీ రాసిన పాటలు’ అన్నారు. ఆయన ఉన్న కాలంలో చాలా పాటలు రాసింది బేస్ గిటార్ వాయించే గీజర్ బట్లర్. యుద్ధానికి పేదవాళ్లను పంపి పెద్దలు దాక్కుంటారని తిట్టిన ‘వార్ పిగ్స్’ కూడా అతనిదే.

నేను ఈమధ్య వాళ్ల 19 స్టూడియో ఆల్బమ్‌లనూ వచ్చిన వరుసలోనే, షఫుల్ లేకుండా, బాగోలేని పాటలు కూడా స్కిప్ చేయకుండా విన్నాను. అలా వింటే ఇది గాయకుడి కథ కాదు, గిటారిస్ట్ టోనీ అయోమీ కథ అని తెలుస్తుంది, ఎందుకంటే అన్ని ఆల్బమ్‌లలోనూ ఉన్నది ఆయన ఒక్కడే. పదిహేడేళ్ల వయసులో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అక్కడ అదే ఆఖరి రోజు. రోజూ ప్రెస్ మీద ఉండే మనిషి రాలేదని ఇతన్ని ఆ మెషిన్ మీద పెట్టారు, కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. ఎడమచేతివాటం కాబట్టి గిటార్ తీగలు నొక్కేది ఆ చేత్తోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు, సన్నటి తీగలు వేసుకున్నాడు, 1971లో మూడో ఆల్బమ్ ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’కి వచ్చేసరికి కొన్ని పాటలకి తీగల్ని వదులు చేసి శ్రుతిని మూడు ఫ్రెట్లంత (గిటార్ మెడ మీది మూడు మెట్లంత) కిందికి దించేశాడు. వరుసలో వింటే ‘చిల్డ్రన్ ఆఫ్ ద గ్రేవ్’ దగ్గర ఆ బరువు చెవికి ఠక్కున తెలుస్తుంది. మా ఆటోనగర్‌లో ప్రెస్ కింద వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు, అందుకేనేమో నాకిది రాక్‌స్టార్ కథలా అనిపించదు.

మొదటి ఆరు ఆల్బమ్‌ల గురించి అందరూ రాశారు, వదిలేద్దాం. 1976, 1978 ఆల్బమ్‌లలో అలసట తెలిసిపోతుంది. 1979లో ఓజీని తీసేశారు, గాయకుడిగా రోనీ జేమ్స్ డియో వచ్చాడు, 1980లో ‘హెవెన్ అండ్ హెల్’. ఇక్కడ మారింది గొంతు ఒక్కటే కాదు. ‘ఐరన్ మ్యాన్’లో గిటార్ ఎటు పోతే ఓజీ గొంతూ అటే పోతుంది. డియో అలా పాడడు, అతనికి సొంత దారి కావాలి, దాంతో అయోమీ రిఫ్‌ల (గిటార్ మీద మళ్లీ మళ్లీ వచ్చే వరసల) మధ్య జాగా వదలడం మొదలుపెట్టాడు. ఓజీది, డియోది రెండు ఆల్బమ్‌లూ వెంటవెంటనే వింటే తప్ప ఇది పట్టుబడదు.

తర్వాత అంతా గందరగోళమే. 1983లో ఇయాన్ గిలన్‌తో చేసిన ‘బోర్న్ ఎగైన్’ మిక్సింగ్ బురద బురదగా ఉంటుంది, ఆ టూర్‌కి స్టేజీ పట్టనంత స్టోన్‌హెంజ్ (ఇంగ్లండ్‌లోని పాతకాలపు రాతి స్తంభాల కట్టడం) సెట్ కట్టించారట. 1987 నుంచి 1995 మధ్య టోనీ మార్టిన్ ఐదు ఆల్బమ్‌లు పాడాడు. మీ వ్యాసమే కాదు, ఇంగ్లిష్‌లో వచ్చే చాలా వ్యాసాలు కూడా ఇతని పేరెత్తవు. ‘హెడ్‌లెస్ క్రాస్’ (1989) వినండి, ఓజీ ఆల్బమ్‌ల పక్కన ధైర్యంగా పెట్టొచ్చు. పాపం జనం వినకపోవడానికి కారణమూ ఉంది, అతని చివరి నాలుగు ఆల్బమ్‌లు ఏళ్ల తరబడి సరిగ్గా దొరకలేదు, 2024లో బాక్స్ సెట్‌గా వచ్చాకే మళ్లీ బయటపడ్డాయి. అందులో ‘ఫర్బిడెన్’ని అయోమీ మళ్లీ మిక్స్ చేశాడు. 1995లో వచ్చినప్పుడు అందరూ తిట్టిన ఆల్బమ్ అది, ఐస్-టీ అనే ర్యాపర్ వచ్చి మధ్యలో నాలుగు మాటలు చెప్పి పోతాడు. దాన్ని 29 ఏళ్ల తర్వాత కూర్చుని సరిచేసుకున్నాడంటే నాకు ముచ్చటేసింది.

ఆఖరిది 2013లో వచ్చిన ‘13’, ఓజీ తిరిగొచ్చి పాడింది. దాని చివర వాన, చర్చి గంట వినిపిస్తాయి, సరిగ్గా 1970లో మొదటి ఆల్బమ్ అలాగే మొదలవుతుంది. బెస్ట్ పాటల ప్లేలిస్ట్ పెట్టుకునేవాళ్లకి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

ఓజీ 2025 జులై 22న పోయాడు, దానికి పదిహేడు రోజుల ముందే బర్మింగ్‌హామ్‌లో బ్యాండ్ మొదలుపెట్టిన పాత నలుగురూ కలిసి ఆఖరిసారి వాయించారు. దాని గురించి రాయండి, వద్దనను. కానీ ఈసారి మెటల్ మీద రాయించేటప్పుడు కనీసం ఒక్క బ్యాండ్‌నైనా మొదటినుంచి చివరిదాకా విన్నవాళ్లతో రాయించండి. మీ పాఠకుల్లో ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే ‘ఫర్బిడెన్’ మాత్రం కొత్త మిక్స్‌లో వినమనండి, పాతది వింటే అక్కడే ఆపేస్తారు.

– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం