నా భార్యను కాపాడినవారికి కృతజ్ఞతలు

గత నెలలో, నాలుగో నెల గర్భిణి అయిన నా భార్యను అర్ధరాత్రివేళ ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకువెళ్లినప్పుడు, అక్కడ డ్యూటీలో ఉన్న యువ వైద్యురాలు అడిగిన మూడు ప్రశ్నలే ఆమెను మాకు దక్కించాయి. వాంతులు ఎన్ని వారాలుగా అవుతున్నాయి, కడుపులో ఏమైనా నిలుస్తోందా, ఇంతకుముందు ఏ సెలైన్ పెట్టారు?

వాంతులు ఆరు వారాలుగా ఉన్నాయి. గంజి కూడా ఇమడలేదు. వేవిళ్లు ఎవరికి ఉండవని పెద్దలు అన్నారు, మేమూ సరిపెట్టుకున్నాం. దగ్గరలోని ఒక నర్సింగ్‌హోమ్‌లో రెండుసార్లు గ్లూకోజ్ ఎక్కించారు. రెండోసారి తర్వాత ఆమె కనుగుడ్లు అదరసాగాయి, ఒక్కో మనిషి ఇద్దరుగా కనిపించసాగారు, నడక తూలింది. ఉదయమంతా పక్కనే కూర్చున్న తన తల్లి ఎప్పుడు వస్తుందని సాయంత్రం నన్ను అడిగింది. అది కూడా నీరసమే అనుకున్నాను.

డాక్టరు గారు స్కానింగ్ కోసం ఆగకుండా థయామిన్, అంటే బి1 విటమిన్, 500 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు నరంలోకి ఎక్కించమన్నారు. శరీరంలో దాని నిల్వ సుమారు 30 మిల్లీగ్రాములే ఉంటుందని, తిండి నిలవకపోతే రెండు మూడు వారాల్లో అది అడుగంటుతుందని, చక్కెరను శక్తిగా మార్చుకోవడానికి మెదడుకు అదే ఆధారం కనుక థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఒక్కటే ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోతుందని ఆ హడావుడిలోనే ఓపికగా వివరించారు. ఇంకా ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉండేదని మర్నాడు గాని చెప్పలేదు.

జబ్బు పేరు వెర్నికీ ఎన్‌సెఫలోపతి, అంటే థయామిన్ లోపం వల్ల మెదడు దెబ్బతినడం. ఇది తాగుడు వల్ల వచ్చేదని ఫోనులో చదివి ఒకరిద్దరు బంధువులు అదోలా చూశారు. 1881లో వెర్నికీ అనే వైద్యుడు వర్ణించిన మొదటి ముగ్గురు రోగులలో ఒకరు, యాసిడ్ మింగి వాంతులతో చిక్కిపోయిన కుట్టుపని చేసుకునే యువతి అని డాక్టరు గారే వారికి చెప్పారు. అందుకు డాక్టరు గారికి వేరే నమస్కారం.

ఆస్పత్రిలో ఉన్న మందు తెల్లవారేవరకు చాలదని తెలిసి, షట్టరు ఎత్తి, ఉన్న ఆంప్యూల్స్ అన్నీ అప్పుగా ఇచ్చిన మెడికల్ షాపు యజమానికి, రాత్రంతా డ్రిప్ కనిపెట్టుకుని ఉన్న నర్సు గారికి, తర్వాతి వారమంతా చేయి పట్టుకుని వార్డులో నడిపించిన ఆయమ్మకు మా కుటుంబం రుణపడి ఉంది.

కళ్ల అదురు రెండో రోజుకే తగ్గింది. ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది, బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోందన్నారు. ఆస్పత్రిలోని మొదటి నాలుగు రోజులు మాత్రం ఆమెకు గుర్తులేవు. ఎవరెవరు ఏమేమి చేశారో ఆమెకు చదివి వినిపించడానికి కూడా ఇది రాశాను.