టాకిల్ ఎత్తుతో పాటు వంగే తీరునూ చూడాలి

సంపాదకుడి గారికి,

అయ్యా,

రగ్బీలో తలకు తగిలే దెబ్బల గురించి చర్చ జరిగినప్పుడల్లా టాకిల్ (బంతితో వస్తున్నవాడిని పట్టుకుని పడగొట్టడం) ఎంత ఎత్తులో ఉండాలన్న ప్రశ్న దగ్గరే అది ఆగిపోతోంది. భుజాల రేఖకు పైన పట్టుకోవడం నియమాల ప్రకారం ఎలాగూ తప్పే. ఫ్రాన్స్ 2019లో ఔత్సాహిక స్థాయి ఆటలో ఆ హద్దును నడుము దాకా దించింది. ఇంగ్లండ్ 2023 జనవరిలో నడుమే హద్దని ప్రకటించి, ఆటగాళ్ల నుంచి వ్యతిరేకత రావడంతో కాస్త వెనక్కి తగ్గి, ఆ ఏడాది జూలై నుంచి రొమ్ము ఎముక అడుగుభాగమని సవరించుకుంది. ఈ మార్పులను నేను సమర్థిస్తాను. అయితే పిల్లలకు చాలా ఏళ్లుగా టాకిల్ నేర్పుతున్నవాడిగా నాకు కనిపిస్తున్న లోటు ఒకటుంది. నియమం ఎత్తు చెబుతుంది గానీ, ఆ ఎత్తుకు శరీరం ఎలా దిగాలో చెప్పదు. ఆ దిగే తీరును నేర్పడానికి ఆటగాడి వీడియోను అతనికే చూపించడం ప్రతి బాలల జట్టు శిక్షణలోనూ తప్పనిసరి కావాలని కోరుతున్నాను.

టాకిల్‌లో కంకషన్‌కు, అంటే దెబ్బ వల్ల మెదడు అదిరి దాని పనితీరు దెబ్బతినడానికి, ఎక్కువగా గురయ్యేది బంతితో వస్తున్నవాడు కాదు, అతన్ని పడగొట్టబోయినవాడు. నిటారుగా వెళ్తే అతని తల ఎదుటివాడి తలకో భుజానికో తగులుతుంది. అందుకని కోచ్ పక్కనుంచి ‘వంగు, వంగు’ అని అరుస్తాడు. పిల్లవాడు వంగుతాడు కూడా, కానీ మోకాళ్లు వంచడు, నడుము వంచుతాడు. గడ్డం ఛాతీకి ఆనుతుంది, చూపు నేల మీదికి పోతుంది, తల సరిగ్గా ఎదుటివాడి తుంటి ఎముకకో మోకాలికో ఎదురుగా వచ్చి నిలుస్తుంది. నియమం ప్రకారం అది తక్కువ ఎత్తు టాకిలే కాబట్టి రెఫరీ ఈల వేయడు. దెబ్బ మాత్రం తగులుతుంది.

నా దగ్గర నేర్చుకున్న పదిహేనేళ్ల కుర్రాడొకడు అచ్చం ఇలాగే చేసేవాడు. తలెత్తి చూడమని రెండు వారాలు చెప్పాను. చూస్తూనే ఉన్నానని ప్రతిసారీ నిజాయితీగానే జవాబిచ్చాడు. చివరికి ఫోన్‌తో పక్కనుంచి తీసి చూపిస్తే ‘అది నేను కాదు సార్’ అన్నాడు, జెర్సీ మీద నంబరు చూసేదాకా నమ్మలేదు. తాకడానికి రెండు అడుగుల ముందే అతని కళ్లు మూసుకుపోతున్నాయి. మన శరీరం ఏం చేస్తోందని మనం అనుకుంటామో, అది నిజంగా ఏం చేస్తుందో, ఈ రెంటి మధ్య దూరం అంత వేగంలో లోపలినుంచి తెలియదు. ఆ సాయంత్రం నేను అతనికి కొత్తగా చెప్పిందేమీ లేదు. తర్వాతి టాకిల్‌లో మాత్రం కళ్లు తెరిచే ఉన్నాయి.

దీనికి ఖరీదైన ఏర్పాట్లు అక్కర్లేదు. పైనుంచి బంతి వెంట తిరిగే మ్యాచ్ వీడియో ఈ పనికి అంతగా పనికిరాదు, ఎందుకంటే మనకు కావలసిన పాదమూ తలా అందులో మనుషుల గుంపులో దాగిపోతాయి. (డ్రోన్లు కొని మురిసిపోయే క్లబ్బులు ఈ సంగతి గమనించాలి.) నడుము ఎత్తులో, కాస్త ఏటవాలుగా, దగ్గరగా పెట్టిన ఒక్క ఫోన్ చాలు. ముందు పాదం ఎదుటివాడికి దగ్గరగా పడిందా, అదే వైపు భుజం తాకిందా, తల అతని ముందుకు అడ్డంగా పోకుండా వెనకవైపు పక్కన ఉందా, చేతులు చుట్టుకున్నాయా అన్నది అందులో స్పష్టంగా కనిపిస్తుంది. టాకిల్ అయిన నిమిషంలోపే చూపించాలి. కోచ్ నోరు విప్పకముందు ఏం కనిపించిందో ఆటగాడినే అడగాలి. ఒక విడతకు ఒక్క లోపమే సరిదిద్దాలి. స్లో మోషన్‌తో ఒక చిక్కుంది. అందులో ఎవరికైనా బోలెడంత సమయం ఉన్నట్టు కనిపిస్తుంది, కాబట్టి మామూలు వేగంలోనూ చూపించకపోతే పిల్లవాడు తనను తాను అన్యాయంగా తిట్టుకుంటాడు. అలసిపోయాక టాకిల్ తీరు చెడుతుంది గనుక ప్రాక్టీస్ మొదట్లోనే కాక చివర్లోనూ తీయాలి.

సమయం చాలదని తోటి కోచ్‌లు అంటారు. మిగతావారు వేరే డ్రిల్ చేస్తుండగా ఇద్దరిద్దరిని పక్కకు పిలిస్తే ప్రాక్టీస్‌కు పది నిమిషాలు సరిపోతుంది. బ్రిటన్‌లో 2023లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం కంకషన్ అయిన ఆటగాడు కనీసం 21 రోజులు పోటీ మ్యాచ్ ఆడకూడదు. ఆ లెక్కన ఈ పది నిమిషాలు ఎంత?

నన్ను ఇంకా బాధించేది మరొకటి ఉంది. 2023 ప్రపంచ కప్‌లో ఎల్లో కార్డును (తాత్కాలికంగా బయటికి పంపడం) రెడ్ కార్డుగా (మ్యాచ్ నుంచే పంపేయడం) మార్చాలా వద్దా అని తేల్చడానికి ఒక అధికారి విడిగా కూర్చుని ఎనిమిది నిమిషాల వరకు ఒకే టాకిల్‌ను రకరకాల కోణాల్లో పరిశీలించే ఏర్పాటు చేశారు. శిక్ష వేయడానికి ఇంత శ్రద్ధగా వీడియో చూసే ఆటలో, నేర్చుకునే పిల్లవాడు తన టాకిల్‌ను ఒక్కసారైనా చూసుకోకుండానే మైదానంలోకి దిగుతున్నాడు.

పిల్లల వీడియోలు కాబట్టి హద్దులు ఉండాల్సిందే. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి తీసుకోవాలి, జట్టంతటి ముందు వేసి నవ్వులపాలు చేయకూడదు, సీజన్ ముగియగానే తుడిచేయాలి, ఎవరి సొంత ఖాతాలోనూ పెట్టకూడదు. దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే వీడియో సంగతి తర్వాత, ముందు ఆ ఆటగాడిని బయటికి తీసుకురావాలి.

కోచ్‌లకు గుర్తింపు పత్రాలిచ్చే రగ్బీ సంఘాలు తమ తరగతుల్లో టాకిల్‌ను ఎలా చిత్రీకరించాలో, ఎలా చూపించాలో ఒక పూట నేర్పాలని, పై హద్దులను రాతపూర్వక నిబంధనలుగా వచ్చే సీజన్ మొదలయ్యేలోపే ప్రకటించాలని మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

ఇట్లు,
ఒక బాలల రగ్బీ జట్టు కోచ్