ఎంతలో ఎంతో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఫలానా ముప్పు రెట్టింపైందని శీర్షిక పెట్టేటప్పుడు, ఎంత నుంచి ఎంతకు పెరిగిందో కూడా దాని పక్కనే వేయాలని కోరుతున్నాను. 1995 అక్టోబరులో బ్రిటన్‌లో ఈ ఒక్క వివరం మరుగున పడింది. కొత్తరకం గర్భనిరోధక మాత్రలతో రక్తనాళాల్లో గడ్డలు కట్టే ముప్పు రెట్టింపని మందుల భద్రతా కమిటీ హెచ్చరించింది. అసలు లెక్క చూస్తే, 7,000 మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తుందని. చాలామంది హడలిపోయి మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో అదనంగా సుమారు 13,000 అబార్షన్లు చేయించుకున్నారని అంచనా. గర్భం దాల్చితే ఆ గడ్డల ముప్పు మాత్రలతో కంటే ఎక్కువ!

గ్రాఫులతోనూ ఇదే చిక్కు. 52, 54 శాతాలను చూపే నిలువు కడ్డీలను 50 దగ్గర మొదలుపెడితే, ఒకటి రెండోదానికి రెట్టింపు ఎత్తు కనిపిస్తుంది. కడ్డీల గ్రాఫు సున్నా నుంచే మొదలవ్వాలి.

ఇవన్నీ సరిచేసినా, చదివేవారికి ముందే ఉన్న నమ్మకం అడ్డొస్తుంది. అమెరికాలో పరిశోధకుడు డాన్ కహాన్ బృందం 2013లో ఒక పట్టిక ఇచ్చి పరీక్షించింది. చర్మానికి క్రీమ్ రాసుకున్నవారిలో 223 మందికి దద్దుర్లు తగ్గాయి, 75 మందికి పెరిగాయి. రాసుకోనివారిలో 107 మందికి తగ్గాయి, 21 మందికి పెరిగాయి. 223 చూడగానే క్రీమ్ పనిచేసిందనిపిస్తుంది. శాతాలు తీస్తే తగ్గినవారు క్రీమ్‌తో 75 శాతం, క్రీమ్ లేకుండా 84 శాతం. అవే అంకెలను తుపాకుల నిషేధంతో నేరాలు తగ్గాయా, పెరిగాయా అని చూపే పట్టికగా మార్చి ఇస్తే, రాజకీయ పక్షాన్ని బట్టి జవాబులు చీలిపోయాయి. లెక్కల్లో దిట్టలైనవారిలో ఆ చీలిక ఇంకా ఎక్కువ. కాబట్టి జనానికి లెక్కలు రావని సరిపెట్టుకోవడం తప్పు. శాతం తీసే పని పాఠకుడికి వదలకుండా మీరే తీసి, దాని పక్కనే మూల సంఖ్యలూ వేయండి.

సర్వేల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. యాదృచ్ఛికంగా ఎంచుకున్న వెయ్యిమందితో చేసిన సర్వేలో కూడా అసలు అభిప్రాయానికి అటూఇటూ 3 శాతం పాయింట్ల తేడా ఉండొచ్చు. అందులో 250 మంది యువత అభిప్రాయమంటూ విడిగా చూపితే ఆ తేడా 6కు చేరుతుంది. అలాంటప్పుడు రెండు పాయింట్ల ఆధిక్యాన్ని గెలుపుగా రాయడం న్యాయం కాదు. తేడా చెబితే నమ్మకం పోతుందన్న భయమూ అక్కర్లేదు. 2020లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగాల్లో, ఇలాంటి తేడా హద్దులను అంకెల రూపంలో చెప్పినప్పుడు నమ్మకం స్వల్పంగానే తగ్గింది. మాటల్లో అస్పష్టంగా చెప్పినప్పుడే ఎక్కువ తగ్గింది.

అంకె తప్పు పడితే సవరణను లోపలి పేజీలో మూలన కాకుండా, ఆ వార్త వచ్చిన పేజీలోనే వేయండి.

– ఒక పాఠకుడు