నా చెయ్యి ఎలా ఉందని మీలో ఒక్కరూ అడగలేదు

తిరుపతి,
23 జూన్ 2025.

కంపెనీ ఫిర్యాదుల అధికారి గారికి,

నమస్కారం. మీ దగ్గర నా పేరు మీద నాలుగు ఫిర్యాదు టికెట్ నంబర్లు ఉన్నాయి. నాలుగింటినీ ఏదో ఒక మాట రాసి మూసేశారు. ఏం పరిష్కారమైందో నాకు తెలియదు. నా ఎడమ మణికట్టు మీద మీ స్మార్ట్ వాచీ వెనకభాగం ఎంత ఉంటుందో అంత మేర గుండ్రంగా నల్లబడి ఉంది. రాత్రిపూట ఇప్పటికీ దురదకు మెలకువ వస్తోంది. అందుకే మళ్లీ రాస్తున్నాను. ఈసారి కాగితం మీద రాసి రిజిస్టర్ పోస్టులో పంపిస్తున్నాను. మెయిల్‌ని చదవకుండా మూసేయొచ్చు. దీన్ని మాత్రం మీ ఆఫీసులో ఎవరో ఒకరు సంతకం పెట్టి తీసుకోవాలి.

నేను చంద్రగిరి వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్ని. మూడేళ్లుగా షుగర్ ఉంది. రోజూ నడవమని డాక్టరు చెబితే పొద్దున్నే యూనివర్సిటీ క్యాంపస్‌లో నడుస్తున్నాను. ఆ నడక లెక్క తెలుస్తుందని జనవరి 26 ఆఫర్లో మీ సొంత వెబ్‌సైటులోనే 4,999 రూపాయలు కట్టి వాచీ తీసుకున్నాను. మా ఇంట్లోకి మీ కంపెనీ నుంచి వచ్చిన మూడో వస్తువు అది. మా ఆయన చేతికి ఉన్నది మీ వాచీయే, మా అబ్బాయి చెవిలో ఉన్నవి మీ ఇయర్‌బడ్సే. నా చేతిది చూసి మా స్టాఫ్ రూములో ఇద్దరు మేడమ్‌లు కూడా కొన్నారు. "బాగుందా?" అని వాళ్లు అడిగితే "బాగుంది, తీసుకోండి" అన్నది నేనే. ఇప్పుడు వాళ్ల ముందు చెయ్యి దాచుకుని కూర్చుంటున్నాను.

వాచీ సంగతి రెండు మాటల్లో చెప్తాను. మార్చి మొదట్లో దురద మొదలైంది. చెమటకేమో అనుకుని కడిగి, తుడిచి, కాస్త వదులుగా పెట్టుకున్నాను. మార్చి 15, శనివారం అలిపిరి నుంచి కొండకు నడిచి వెళ్లాం. గాలిగోపురం చేరేసరికి చేతి మీద నిప్పు పెట్టినట్టయింది. వాచీ తీసి చూస్తే ఎర్రటి గుండ్రం, దాని నిండా చిన్న చిన్న నీటి పొక్కులు. పట్టీ తగిలిన చోట ఏమీ లేదు. వెనక లోహం తగిలిన చోటే, ముద్ర వేసినట్టు ఉంది. కొండ దిగే సరికి రసి కారుతోంది.

చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లాను. చూడగానే కాంటాక్ట్ డెర్మటైటిస్, అంటే ఏదో తగిలి పడక చర్మం మీద వచ్చిన దద్దు అన్నారు. గిల్టు నగలు పడతాయా అని అడిగారు. పడవు. కవరింగ్ కమ్మలు పెట్టుకుంటే రెండో రోజుకే నా చెవులు పుండ్లు పడతాయి, చిన్నప్పటి నుంచీ అంతే. అలాంటప్పుడు నికెల్ మీద అనుమానం ఉంటుంది, జిగురులో వాడే అక్రిలేట్లు కావచ్చు, కింద నిలిచిపోయిన చెమట, సబ్బు కూడా కావచ్చు, అనుమానం ఉన్నవాటిని చర్మానికి అంటించి చూసే ప్యాచ్ టెస్ట్ చేస్తే గానీ తేలదు అన్నారు. పుండు ఆరేదాకా ఆ టెస్ట్ వద్దని ఆయింట్‌మెంట్ రాసి, "ఆ వాచీ వెనక ఏ లోహం వాడారో కంపెనీని కనుక్కోండమ్మా" అని పంపించారు. షుగర్ ఉన్నదాన్ని కాబట్టి పుండును అశ్రద్ధ చేయొద్దని రెండుసార్లు చెప్పారు.

కంపెనీని కనుక్కోవడం. ఆ ఒక్క పనికి నాకు మూడు నెలలు పట్టింది, ఇంకా కనుక్కోలేదు.

మార్చి 17న మీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేశాను. తెలుగుకు నాలుగు నొక్కమంటే నాలుగు నొక్కాను. 22 నిమిషాలు పాట విన్నాక వచ్చిన అబ్బాయి హిందీలో మొదలుపెట్టాడు. తెలుగు వాళ్లు ఇప్పుడు ఖాళీగా లేరన్నాడు. నాకు వచ్చిన హిందీలో, ఇంగ్లీషులో చెప్పాను. అంతా విని "వాచీ ఛార్జ్ అవుతోందా మేడమ్?" అన్నాడు. అవుతోంది. "బ్లూటూత్ కనెక్ట్ అవుతోందా?" అవుతోంది. "అయితే వాచీ సరిగ్గానే ఉంది కదా మేడమ్." వాచీ సరిగ్గానే ఉంది బాబూ, నా చెయ్యే సరిగ్గా లేదు అన్నాను. ఒకసారి రీసెట్ చేసి చూడమన్నాడు. వాచీని రీసెట్ చేస్తే నా చేతి మీద పొక్కులు ఎలా తగ్గుతాయి? ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. ఎదురుగా స్క్రీను మీద మీరు రాసిపెట్టిందే చదివాడు. ఆ రాసిపెట్టిన దాంట్లో మనిషి చర్మం గురించి ఒక్క ముక్క కూడా ఎందుకు లేదన్నదే నా కోపం. వాచీ పెట్టుకునేది చర్మం మీద కాదా?

తర్వాత మీ యాప్‌లో చాట్. సమస్య ఎంచుకోమంటే ఛార్జింగ్, డిస్‌ప్లే, పట్టీ తెగడం, డెలివరీ అని ఉన్నాయి. చివర "ఇతరములు" ఉంది. అది నొక్కితే ఫోటో పెట్టమంది. పెట్టాను. బిల్లు పెట్టమంది. పెట్టాను. సీరియల్ నంబరు కనిపించేలా డబ్బా ఫోటో అడిగింది. మర్నాడు ఇంకొకరెవరో అవే మూడూ మళ్లీ అడిగారు. మూడో రోజు మెయిల్‌లో ఇంకొకరు, మళ్లీ అవే. వాటితో పాటు "సమస్య స్పష్టంగా కనిపించేలా 30 సెకన్ల వీడియో" కూడా కావాలన్నారు. దద్దుకు వీడియో ఏమిటో నాకు అర్థం కాలేదు. అయినా అడిగారు కదా అని మా ఆయన ఫోన్ పట్టుకుంటే వరండాలో వెలుతురులో కూర్చుని, ఒక చేత్తో వాచీ చూపిస్తూ రెండో చెయ్యి ముందుకు చాపాను. 49 ఏళ్ల మనిషిని, రసి కారే చెయ్యిని ముక్కూ మొహం తెలియని వాళ్ల కోసం అటూ ఇటూ తిప్పి చూపించాను. దానికి మీ జవాబు ఏమిటో తెలుసా? "వీడియో పరిశీలించాము. వాచీ ఆన్ అయి ఉన్నది, డిస్‌ప్లేలో లోపం కనిపించలేదు. టికెట్ మూసివేస్తున్నాము." ఆ మెయిల్ ప్రింట్ తీసి జత చేశాను. వీడియో చూసినవాళ్లకు వాచీ కనిపించింది గానీ దాని పక్కనే ఉన్న చెయ్యి కనిపించలేదు.

అది మూసిన గంటకే మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారని మెసేజ్.

మళ్లీ ఫోన్ చేస్తే ఈసారి తెలుగమ్మాయే వచ్చింది. మెత్తగా మాట్లాడింది. సూపర్‌వైజర్ 48 గంటల్లో ఫోన్ చేస్తారు అంది. క్లాసులో ఫోన్ సైలెంట్‌లో పెట్టే అలవాటు నాది. ఆ రెండు రోజులూ హెడ్‌మాస్టర్ గారి దగ్గర పర్మిషన్ తీసుకుని రింగ్ ఆన్ చేసుకుని టేబుల్ మీద పెట్టుకున్నాను. ఎవరూ చేయలేదు. మూడో రోజు నేనే చేస్తే "మీ ఫోన్ అందుబాటులో లేదని నోట్ ఉంది మేడమ్" అన్నారు.

ఏప్రిల్ 12, రెండో శనివారం, సెలవు. మీరు చెప్పిన సర్వీస్ సెంటర్ ఆర్టీసీ బస్టాండ్ దగ్గర ఉంటే ఎండలో వెళ్లాను. అక్కడి కుర్రాడు వాచీని అటూ ఇటూ తిప్పి, కంప్యూటర్లో చూసి, "దీనికి మా దగ్గర కోడ్ లేదు మేడమ్" అన్నాడు. కోడ్ లేకపోతే వాచీ తీసుకోలేడట, తీసుకోలేదని కాగితమూ రాసివ్వలేడట. చెన్నై బ్రాంచిని అడగమన్నాడు. చెన్నై వాళ్లు ఫోన్లో కస్టమర్ కేర్‌ను అడగమన్నారు. కస్టమర్ కేర్ వాళ్లు సర్వీస్ సెంటరుకు వెళ్లమన్నారు. బయటికొచ్చి బస్టాండ్ ముందు నిలబడితే పూలమ్మే ఆమె నా చెయ్యి చూసి, "ఏంది మేడం, కాల్చుకుంటిరా? కొబ్బరినూనె పూయండి" అంది. వేసవి సెలవులకు ముందు మా ఏడో తరగతి పిల్లలు కూడా బోర్డు మీద రాస్తుంటే "మేడం, చేతికేమైంది? నొప్పిగా ఉందా?" అని అడిగారు. సార్, ఈ మూడు నెలల్లో మీ కంపెనీ మనుషులు పదకొండు మందితో మాట్లాడాను. పేర్లు, తేదీలు, టైములు నోట్‌బుక్కులో రాసుకున్నాను. వాళ్లలో ఒక్కరు కూడా "ఇప్పుడు చెయ్యి ఎలా ఉంది?" అని అడగలేదు. నా బాధంతా అదే.

పికప్ సంగతి రాయకుండా ఉండలేను. వాచీ పంపితే పరీక్ష చేస్తామని ఎట్టకేలకు ఒప్పుకున్నారు. ఏప్రిల్ 21న కొరియర్ వస్తుందన్నారు. స్కూలుకు సెలవు పెట్టి, వాచీని డబ్బాలో పెట్టి, టేపు వేసి, పొద్దున 9 నుంచి గేటు తీసి వరండాలోనే కూర్చున్నాను. మధ్యాహ్నం అన్నం కూడా అక్కడే తిన్నాను. సాయంత్రం 4.40కి మెసేజ్ వచ్చింది: "కస్టమర్ ఇంట్లో లేనందున పికప్ రద్దు." నేను ఇంట్లో లేనా? మర్నాడు మళ్లీ సెలవు పెట్టాను. మళ్లీ అదే మెసేజ్. రెండు సీఎల్‌లు పోయాయి. నాలుగో టికెట్ "కస్టమర్ సహకరించలేదు" అని మూసేశారు. ఆ రాత్రి నాకు ఏడుపొచ్చింది. పుండుకు రాలేదు, ఈ మాటకు వచ్చింది.

మే 2న మీ వెబ్‌సైటు అడుగున వెతికి మీ మెయిల్ పట్టుకుని మీకే రాశాను. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు మీరు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. 48 గంటలు పోయాయి, నెల కూడా పోయింది. జూన్ 10న వచ్చిందొక్కటే, కొత్త పట్టీ మీద 10 శాతం తగ్గింపు కూపన్. నా దద్దు పట్టీ కింద లేదని ఎన్నిసార్లు రాశాను? గాయమైన మనిషి దగ్గరే ఇంకో వస్తువు అమ్ముకోవాలని చూస్తారా?

నేను పదో తరగతికి లోహాలు, మిశ్రమ లోహాలు పాఠం చెప్తాను. చెమటలో ఉప్పు ఉంటుంది. ఉప్పునీటిలో కొన్ని లోహాల నుంచి, పూతల నుంచి నికెల్ కొద్దికొద్దిగా బయటికొస్తుంది. అది పడని ఒంటికి ఆ కాస్తే చాలు. యూరప్‌లో చర్మానికి ఎక్కువసేపు తగిలే వస్తువుల నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాములకు మించి నికెల్ విడుదల కాకూడదని నిబంధన ఉంది. అందులో వాచీలను పేరు పెట్టి మరీ రాశారు. 2014లో అమెరికాలో ఫిట్‌బిట్ కంపెనీ తన ఫోర్స్ అనే ఫిట్‌నెస్ బ్యాండ్‌ను ఇలాంటి దద్దుర్ల వల్లే మార్కెట్ నుంచి వెనక్కి పిలిపించింది. వాడినవాళ్లలో 1.7 శాతం మందే ఫిర్యాదు చేశారని చెప్తూనే అమ్మకం ఆపి, డబ్బు వెనక్కి ఇచ్చింది. అందరికీ రాదని నాకూ తెలుసు. మా ఆయనకు మీ వాచీతో ఏమీ కాలేదు. నాకు అయింది. డబ్బా మీద ఒక్క లైను రాసి ఉంటే నేను కొనేదాన్నే కాదు.

ఇప్పుడు నాకేం కావాలో చెప్తాను. వాచీ వెనక ఏ లోహం ఉంది, ఏ పూత, ఏ జిగురు వాడారు, రాతపూర్వకంగా చెప్పండి. అది నా డాక్టరుకు కావాలి. 4,999 తిరిగి ఇవ్వండి. మందుల ఖర్చు బిల్లులు జత చేశాను, అవి మీ మనస్సాక్షికి వదిలేద్దామనుకున్నాను, ఇప్పుడు వదలను. ఆ "సహకరించలేదు" అన్న మాట మీ రికార్డులోంచి తీసేయాలి. తీసేశామని నాకు ఉత్తరం రావాలి. కూపన్ వద్దు, కొత్త వాచీ అసలే వద్దు.

ఈ ఉత్తరం మీకు అందిన రోజు నుంచి 15 రోజులు చూస్తాను. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ముందు నమోదు చేస్తాను. ఆ తర్వాత తిరుపతిలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాళ్లు తామున్న ఊళ్లోనే కేసు వేయొచ్చు, మీ హెడ్డాఫీసు ఎక్కడున్నా సరే. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. వస్తువుకు సరైన సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోతే తయారీదారుడిదే బాధ్యత అని కూడా ఆ చట్టంలో ఉంది. కమిషన్ పరీక్షకు పంపమంటే పంపుతారు. అప్పుడు ఆ లోహమేదో మీరు చెప్పకపోయినా తెలుస్తుంది. స్టాఫ్ రూములో నా మాట విని కొన్న ఇద్దరికీ జరిగిందంతా ఇప్పటికే చెప్పాను. మా టీచర్ల వాట్సాప్ గ్రూపులో 240 మంది ఉన్నారు. వాళ్లకూ చెప్తాను. నాకు దాచాల్సింది ఏమీ లేదు.

ఏప్రిల్ 21న టేపు వేసిన డబ్బా అలాగే బీరువాలో ఉంది. నేను విప్పలేదు. తీసుకెళ్లడానికి ఈసారి మనిషిని పంపేటట్టయితే ముందు రోజు ఫోన్ చేయించండి. నేను ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
మీ కస్టమర్,
తిరుపతి.

జత చేసినవి: బిల్లు కాపీ, డాక్టరు చీటీ, మందుల బిల్లులు, చేతి ఫోటోలు మూడు, మీ మెయిళ్లు, పికప్ రద్దు మెసేజ్‌లు రెండు, నోట్‌బుక్కు పేజీల జిరాక్స్.