గొర్రెతోలు విప్పి ఇచ్చిన అవ్వకు

నిన్న అర్ధరాత్రి దాటాక హైదరాబాదులో దిగాం. కాలికి కట్టు ఉంది, మూడు రోజులుగా సరైన నిద్ర లేదు. అయినా ఇది రాయనిదే పడుకోలేను.

చైనాలోని యున్నాన్‌లో పులి దూకిన లోయ ఉంది. ఒక పక్క 5,596 మీటర్ల యులోంగ్ మంచుకొండ, మరో పక్క హాబా కొండ, అడుగున జిన్షా నది. ఆ పై కాలిబాటలో అందరూ భయపెట్టే ఇరవై ఎనిమిది మలుపులు ఇంకా మొదలు కాకముందే నా చీలమండ మడత పడింది. పైదాకా ఎక్కి పడి ఉంటే కాస్త గౌరవంగా ఉండేది.

మొక్కజొన్న కంకులు ఆరగట్టిన ఇంట్లోంచి ఒక అవ్వ వచ్చింది. నీలం టోపీ, వీపున గొర్రెతోలు. అక్కడి నాషీ తెగ ఆడవాళ్ళ ఆ తోలుమీద ఏడు గుండ్రటి కుట్టుబిళ్ళలు వరసగా ఉంటాయి. అవి చుక్కలట. చుక్కలు ఉండగానే పొలానికి వెళ్ళి, మళ్ళీ చుక్కలు పొడిచాక ఇల్లు చేరే ఆడవాళ్ళకు గుర్తట. లీజియాంగ్ పాత ఊరిలో నేనూ ఒకటి అద్దెకు తీసుకుని ఫోటో దిగాను, దాచడమెందుకు? అవ్వ తోలు అలాంటిది కాదు. గంపలు మోసి మోసి ఒరిసిపోయింది, రెండు బిళ్ళలు ఊడిపోయాయి. దాన్ని విప్పి, మడిచి, బురదకొట్టుకున్న నా కాలి కింద పెట్టింది. వద్దని తోసేస్తుంటే చేతిమీద ఒక్కటి వేసింది, అచ్చం మా అమ్మమ్మలా. అప్పటిదాకా నొప్పికి కూడా ఏడవని నేను అప్పుడు ఏడ్చాను.

ఆమెది నాషీ భాష. ఫోనులోని అనువాద యాప్‌కు చైనీస్ తప్ప తెలియదు. అవ్వ ఏదో ఆప్యాయంగా అంటే అది “మూడు గాడిదలు రేపు” అని చూపించింది. మాంసం తిననని చెప్పడానికి పందిలా అరిచి చేతులు అడ్డంగా ఊపాను. అవ్వ పడీపడీ నవ్వి, పంది కొవ్వు వాడలేదని నూనె డబ్బా తెచ్చి చూపించి మరీ ఆలుగడ్డలు వేయించి పెట్టింది. లీజియాంగ్‌లో కొన్న దోంగ్బా బొమ్మల లిపి కార్డు చూపించి చదవమంటే తల అడ్డంగా ఊపింది. ఆ లిపి దోంగ్బా పూజారుల విద్య, వాళ్ళేమో మగవాళ్ళు. ఆ లిపిలోని పాత రాతప్రతులు 2003లో యునెస్కో ప్రపంచ జ్ఞాపకాల జాబితాకు ఎక్కాయి. ఊరందరికీ వస్తుందనుకోవడం నా అమాయకత్వం.

డబ్బు ఇవ్వబోతే నోట్లు తిరిగి నా సంచిలోనే కుక్కింది.

ఇక ప్రయాణ బీమా వాళ్ళ సంగతి. నొప్పితో ఫోను చేస్తే, పడిన చోటి పిన్‌కోడ్ అడిగారు. కొండబాట అంటే, “దగ్గరి బస్టాండ్ పేరు చెప్పండి మేడం” అన్నారు. ఆసుపత్రిలో చేరితేనే ఖర్చులు ఇస్తారట, అదీ ముందుగా అనుమతి తీసుకుంటేనట. కాలు విరగ్గొట్టుకునే ముందు దరఖాస్తు పెట్టుకోవాలి కాబోలు! ప్రీమియం కట్టించుకునేటప్పుడు మాత్రం ఏ పిన్‌కోడ్ అక్కర్లేదు.

మా వారు, మరిది పక్కనే ఉన్నారు, సామాన్లు మోశారు. వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

మెడలో గంటలున్న కంచరగాడిదను తెచ్చి, బేరమాడకుండా రోడ్డు దాకా దించిన అన్నకు కృతజ్ఞతలు. దారి పొడవునా ఆ కంచరగాడిదల వాళ్ళు వెంటపడుతున్నారని ఉదయమే విసుక్కున్నది నేనే. కున్మింగ్‌లో వైద్యం చదువుతున్న గుంటూరు కుర్రాడు, ముఖం కూడా చూడకుండానే, ఎక్స్‌రే గదిలో డాక్టరు చెప్పిందంతా ఫోనులో తెలుగులో చెప్పాడు. నాయనా, నీ పరీక్షల ముందు గంటసేపు తినేశాను.

అయ్యో, చక్రాల కుర్చీ తోసిన ఆసుపత్రి కాపలాదారును మరిచాను. విమానంలో తన కాళ్ళు ముడుచుకుని నా కట్టుకు చోటిచ్చిన అమ్మాయిని కూడా.

అవ్వ ఫోటో ఒకటి అచ్చు వేయించాను. ఆమె దగ్గర ఫోను లేదు, చిరునామా నాకు రాయడం రాలేదు. దారి మాత్రం బాగా గుర్తుంది. ఈ ఏడాది ఆ లోయకు వెళ్ళేవారెవరైనా ఉంటే నాకు చెప్పండి. ఫోటోతో పాటు ఒక గొంగడి కూడా ఉంది, బరువు రెండు కిలోలకు మించదు.