మీనింగ్ వచ్చు, మాట రాదు

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల పేరెంట్స్ మీటింగులో మీలో చాలామంది అడిగింది ఒక్కటే. "మా పాపకి మీనింగ్స్ అన్నీ గడగడా వచ్చు మేడమ్. కానీ ఇంటికి ఎవరైనా వచ్చినప్పుడు ఒక్క వాక్యం ఇంగ్లీషులో మాట్లాడమంటే లోపలికి వెళ్లిపోతుంది." ఏడో తరగతి బాబు తండ్రి ఒకాయన ఇంకో మాట కూడా అన్నారు. చైనాలో పిల్లలు వందలకొద్దీ ఇంగ్లీషు పదాలు బట్టీ పడతారట, మనం కూడా అలాగే పెట్టకూడదా అని. అడగాల్సిన ప్రశ్నే. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదు కాబట్టి ఈ నెల వార్తాలేఖ మొత్తం దీనికే కేటాయిస్తున్నాను.

ముందు చైనా సంగతి. అక్కడ 2001 నుంచి మూడో తరగతిలోనే ఇంగ్లీషు మొదలుపెట్టే విధానం వచ్చింది. తొమ్మిదో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలకు 1600 పదాలు రావాలని 2022 నాటి వాళ్ల పాఠ్యప్రణాళిక చెబుతుంది. ఆ పైన మూడేళ్ల హైస్కూలు ముగిసేసరికి అది సుమారు 3000 అవుతుంది. తర్వాత జూన్ నెలలో గావ్‌ఖావ్ అనే కాలేజీ ప్రవేశ పరీక్ష. చాలా రాష్ట్రాల్లో మొత్తం 750 మార్కులైతే అందులో ఇంగ్లీషుకే 150. చైనీసు భాషకీ అంతే, లెక్కలకీ అంతే. ఎంసెట్ టెన్షన్ చూసిన ఇళ్లకి అక్కడి వాతావరణం వేరే వర్ణించనక్కర్లేదు.

అందుకే అక్కడ పదాల పుస్తకాలకు అంత గిరాకీ. వాటిలో చాలావరకు అక్షరక్రమంలో ఉంటాయి కాబట్టి మొదట్లోనే 'అబాండన్' అనే పదం వస్తుంది. అంటే వదిలేయడం. మొదటి పేజీలోనే వదిలేయమని చెప్పే పుస్తకాన్ని ఎలా పూర్తిచేస్తామని అక్కడి విద్యార్థులు తరతరాలుగా నవ్వుకుంటున్నారు. మన బడిలోనే చదివి, చైనాలో ఎంబీబీఎస్ పూర్తిచేసి వచ్చిన అమ్మాయి ఒకరు ఈ మధ్య మన పిల్లలతో మాట్లాడింది. క్యాంటీన్ లైన్లో నిలబడి కూడా చేతిలో చిన్న పదాల పుస్తకం పట్టుకుని పెదాలు కదిపే స్నేహితులు తనకు ఉండేవారని చెప్పింది. వాళ్లకి తనకంటే ఎక్కువ ఇంగ్లీషు పదాలు తెలుసట. అయినా కూరలో ఉప్పు తక్కువైందని ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తే ఆగిపోయేవారట.

చైనా వాళ్లు దీనికి ఒక పేరే పెట్టుకున్నారు: మూగ ఇంగ్లీషు. పరీక్షలో మార్కులు వస్తాయి, నోట్లోంచి మాట రాదు. ఆ మూగతనం పోగొట్టుకోవడానికే అక్కడ 'ఇంగ్లీష్ కార్నర్' అనే అలవాటు పుట్టింది. షాంఘై పీపుల్స్ పార్కులోనూ, బీజింగ్ రెన్మిన్ యూనివర్సిటీ ఆవరణలోనూ ముక్కూమొహం తెలియని వాళ్లు వారానికోసారి చేరి తప్పో ఒప్పో ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు. అంటే బట్టీ ఒక్కటే సరిపోదని వాళ్లకి ఎప్పుడో తెలిసింది. మనం మాత్రం వాళ్ల బట్టీనే చూసి ముచ్చటపడుతున్నాం.

ఇబ్బంది ఎక్కడ వస్తుందో చూడండి. నోటుబుక్కులో ఒక వైపు ఇంగ్లీషు పదం, మధ్యలో ఒక గీత, రెండో వైపు సొంత భాషలో ఒకే ఒక్క మాట. ఆ గీతే మోసం చేస్తుంది. చైనీసులో 'ఖాన్' అనే చిన్న మాట ఉంది. చూడటం అని అర్థం. టీవీ చూడటానికీ అదే, పుస్తకం చదవడానికీ అదే, డాక్టరు దగ్గరికి వెళ్లడానికీ అదే. సీ, లుక్, వాచ్, రీడ్ అనే నాలుగు మాటలకీ ఎదురుగా అదే రాసుకున్న పిల్లవాడు 'ఐ సీ ఎ బుక్' అంటాడు. పుస్తకం చదువుతానని చెప్పానని అతను అనుకుంటాడు, పుస్తకం కంటపడిందని వినేవాళ్లకి అర్థమవుతుంది. అలాగే 'జ్యే' అనే మాట అప్పు ఇవ్వడానికీ, అప్పు తీసుకోవడానికీ రెండింటికీ వాడతారు. అందుకే లెండ్, బారో దగ్గర వాళ్లు తికమకపడతారు. లైటు వేయడాన్ని చైనీసులో 'లైటు తెరవడం' అంటారు కాబట్టి ఇంగ్లీషులోనూ 'ఓపెన్ ద లైట్' అనేస్తారు.

ఇప్పుడు మన పిల్లల వాక్యాలు వినండి. మనం లైటు వేస్తాం, ఫ్యాను కట్టేస్తాం. కాబట్టి మనవాళ్లు 'పుట్ ద ఫ్యాన్' అంటారు, 'క్లోజ్ ద లైట్' అంటారు. టీవీ చూస్తాం, బోర్డు చూస్తాం, దారి చూస్తాం, పెళ్లి సంబంధాలు కూడా చూస్తాం. కాబట్టి 'ఐ యామ్ సీయింగ్ టీవీ' అంటారు. 'ఏం చదువుతున్నావ్' అంటే 'ఐ యామ్ రీడింగ్ సెవెంత్ క్లాస్' అని జవాబు. ఈ చివరి తప్పు చైనా పిల్లలు కూడా అచ్చం ఇలాగే చేస్తారు. వాళ్ల భాషలోనూ పుస్తకం చదవడానికీ, బడిలో చదువుకోవడానికీ మాట ఒకటే. ఇంకో వైపు, మాట్లాడేటప్పుడు చైనీసులో అతను, ఆమె ఒకేలా పలుకుతాయి. అందుకని వాళ్లు అమ్మ గురించి చెబుతూ 'హీ' అనేస్తారు, మనవాళ్లు సాధారణంగా అలా అనరు. ఏ భాష పిల్లలు ఎక్కడ తప్పుతారో వాళ్ల అమ్మ భాషే చెబుతుంది. కాబట్టి ఇవి తెలివితక్కువ తప్పులు కావు. దయచేసి ఇలాంటి వాటికి ఇంట్లో వెక్కిరించకండి.

ఒక్క విషయంలో మన పిల్లలు చైనా పిల్లలకంటే చాలా ముందు నుంచి మొదలుపెడతారు. చైనీసు భాష బయటి మాటల్ని అలాగే తీసుకోవడం తక్కువ. కంప్యూటర్ని వాళ్లు 'కరెంటు మెదడు' అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు, ఫోన్ని 'కరెంటు మాట' అంటారు, రైలుని 'నిప్పు బండి' అంటారు. అక్కడి మూడో తరగతి పిల్లవాడికి ఈ ఇంగ్లీషు మాటలన్నీ కొత్తే. మన పిల్లలు బడిలో అడుగుపెట్టకముందే బస్సు, పెన్ను, బెల్లు, రోడ్డు, ఫోను, టికెట్, డాక్టరు, లీవు, బిల్లు అంటూ వందల ఇంగ్లీషు మాటలు మోసుకొస్తారు. ఇది పెద్ద ఆస్తి. ఒకటో తరగతి టీచర్లకు నేను ఎప్పుడూ చెప్పేది, ముందు ఈ మాటలతోనే వాక్యాలు చెప్పించమని.

కాకపోతే మన ఇంటికొచ్చిన మాటలు మన అర్థంతోనే స్థిరపడ్డాయి. మనకి హోటల్ అంటే టిఫిన్ చేసే చోటు. ఇంగ్లీషు దేశాల్లో హోటల్ అంటే రాత్రికి గది తీసుకుని ఉండే చోటు, భోజనానికి వెళ్లేది రెస్టారెంటుకి. మనం 'కరెంటు పోయింది' అంటాం, వాళ్లు 'పవర్' పోయిందంటారు. క్లాసులో చెయ్యెత్తి 'ఐ హావ్ ఎ డౌట్' అంటే మన టీచరుకి ప్రశ్న అడుగుతున్నాడని తెలుస్తుంది. అమెరికాలోనో ఇంగ్లండులోనో అదే మాట వింటే, తాను చెప్పింది నమ్మడం లేదేమోనని టీచరు అనుకోవచ్చు. అక్కడ క్వశ్చన్ అనాలి. పై చదువులకి వెళ్లే పిల్లలున్న ఇళ్లలో ఇది గుర్తుపెట్టుకోండి. తెలుగులో మాట్లాడేటప్పుడు డౌట్ అనడంలో తప్పేమీ లేదు, అది మన మాటైపోయింది.

చుట్టరికాల సంగతి కూడా ఒక్క మాట. మేనమామకీ, బాబాయికీ, పెదనాన్నకీ చైనీసులో మనలాగే వేర్వేరు పేర్లున్నాయి. ఇంగ్లీషులో అందరూ అంకులే. ఆ భాషలో ఆ గదులు లేవు, అంతే. అవసరమైతే 'మై మదర్స్ బ్రదర్' అని చెప్పొచ్చని పిల్లలకు నేర్పుతున్నాం. ఇంట్లో మాత్రం పిల్లల చేత మావయ్య, పెదనాన్న అనే పిలిపించండి. ఇంగ్లీషు రావడానికి మావయ్య అంకుల్ కానక్కర్లేదు.

మొన్న ఆరో తరగతిలో జరిగింది చెబుతాను. ఒక అమ్మాయి నోటుబుక్కులో 'హెవీ: బరువైన' అని అందంగా రాసి, కింద స్కేలుతో గీత కొట్టింది. పాఠంలో 'హెవీ రెయిన్' వచ్చేసరికి చెయ్యెత్తి, "వాన బరువుగా ఎలా ఉంటుంది మేడమ్?" అని అడిగింది. ఇలాంటి ప్రశ్న అడిగే పిల్ల భాష నేర్చుకుంటున్నట్టే లెక్క. టీచరు బోర్డు మీద మూడు భాషలూ రాశారు. మనం పెద్ద వాన, జోరు వాన అంటాం. చైనా వాళ్లు కూడా పెద్ద వాన అనే అంటారు. ఇంగ్లీషు వాళ్లకి వాన 'హెవీ'గా పడుతుంది, ట్రాఫిక్ కూడా 'హెవీ'గానే ఉంటుంది. టీ దగ్గరికొచ్చేసరికి హెవీ పనికిరాదు, అది 'స్ట్రాంగ్'. మనం బ్లాక్ టీ అనేదాన్ని చైనా వాళ్లు ఎర్ర టీ అంటారని చెబితే క్లాసంతా నవ్వింది. పీరియడ్ అయ్యేసరికి ఆ అమ్మాయి 'బరువైన' అన్న మాట కొట్టెయ్యలేదు గానీ దాని పక్కన బ్యాగ్, రెయిన్, ట్రాఫిక్ అని మూడు మాటలు చేర్చుకుంది. మేం కోరుకునేది సరిగ్గా అదే.

ఆ పద్ధతినే ఈ నెల నుంచి నాలుగు నుంచి పదో తరగతి వరకూ అన్ని సెక్షన్లలో పెడుతున్నాం. సోమవారం మీనింగ్స్ డిక్టేషన్ ఇక ఉండదు. దాని బదులు పదాల నోటుబుక్కు. వారానికి పది పదాలే. ఒక్కో పదానికి పాఠంలో అది వచ్చిన వాక్యం, పిల్లలు సొంతంగా రాసిన ఒక వాక్యం, ఆ పదం పక్కన తరచుగా వచ్చే మాటలు. తెలుగు అర్థం కూడా రాయొచ్చు, వద్దనడం లేదు. పిల్లవాడికి విషయం తెలుగులోనే ముందు అందుతుంది. ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఇస్తున్నదీ అందుకే. కాకపోతే ఆ రెండు పేజీల్ని మాటకి మాట జతకట్టకుండా, పేరా మొత్తం చదివి ఏం చెప్పారో చూసుకోమనండి.

చైనా పిల్లల దగ్గర మనం తప్పకుండా తెచ్చుకోవాల్సింది ఒకటుంది, నేర్చుకున్నదాన్ని మళ్లీ మళ్లీ తిరగేయడం. 1885లో ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ పరిశోధకుడు అర్థంలేని అక్షరాల ముక్కలు తానే బట్టీపట్టి, ఎంత త్వరగా మరిచిపోతున్నాడో కొలిచి పుస్తకం వేశాడు. మరుపు మొదటి రోజే ఎక్కువ, తర్వాత మెల్లగా తగ్గుతుంది. చైనా పదాల పుస్తకాలు చాలావరకు దీన్ని పట్టుకుని, నేర్చుకున్న పదాన్ని ఒకటో రోజు, రెండో రోజు, నాలుగో రోజు, ఏడో రోజు, పదిహేనో రోజు మళ్లీ చూడమంటాయి. మన నోటుబుక్కులో కూడా ప్రతి పేజీ పైన ఈ ఐదు తేదీలు రాయిస్తాం. చూడటానికి ఐదు నిమిషాలు చాలు. పరీక్ష ముందు రాత్రి వంద పదాలు మింగేకంటే ఇది ఎన్నో రెట్లు మేలు.

ఇంట్లో మీరు చేయాల్సింది ఎక్కువేం లేదు. ఇంగ్లీషు రాని అమ్మలూ, నాన్నలూ, తాతయ్యలూ కూడా చేయగలిగిందే. నోటుబుక్కు తీసుకుని "దీని మీనింగ్ ఏంటి?" అని అడగకండి. "ఈ మాట ఎప్పుడు వాడతారు, నాకు తెలుగులో చెప్పు" అని అడగండి. పిల్లవాడు చెప్పగలిగితే ఆ పదం వచ్చినట్టే. చెప్పలేకపోతే పేజీ మీద ఒక చుక్క పెట్టండి, మిగతాది టీచర్లు చూసుకుంటారు. ఇంగ్లీషు వచ్చిన వాళ్లు ఆ పదంతో మీరే ఒక వాక్యం చెప్పండి, మీ ఇంట్లో జరిగిన విషయం మీద అయితే మరీ మంచిది. చుట్టాల ముందు నిలబెట్టి "ఏదీ, ఇంగ్లీషులో మాట్లాడు" అనడం మాత్రం మానుకోండి. ఆ భయమే పిల్లల్ని మూగవాళ్లని చేస్తుంది.

ఉచ్చారణ కోసం చాలామంది పిల్లలు ఇంగ్లీషు పదం పైన తెలుగు అక్షరాల్లో రాసుకుంటున్నారు. చైనాలోనూ ఈ అలవాటుంది. థాంక్యూ అన్నదాన్ని వాళ్ల అక్షరాల్లో రాస్తే 'మూడు గ్రాముల నూనె' అనే అర్థం వచ్చే అక్షరాలవుతాయి, పలికితే 'సాన్ ఖ యో'. మన లిపి అంతకంటే చాలా దగ్గరగా పలికిస్తుంది కాబట్టి చిన్న తరగతుల్లో రాసుకోనివ్వండి. ఆరో తరగతి నుంచి మాత్రం మాన్పిస్తాం, ఎందుకంటే వి, డబ్ల్యూ తేడా తెలుగులో ఒకే 'వ' కిందికి వచ్చేస్తుంది.

డిక్షనరీ కొనాలనుకునేవాళ్లు నేర్చుకునేవారి కోసం చేసినదే కొనండి, ప్రతి పదానికీ ఉదాహరణ వాక్యం ఉందో లేదో షాపులోనే తెరిచి చూసుకోండి. ఈ రకం డిక్షనరీల్లో పేరుపొందిన ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ మొదట వేరే పేరుతో 1942లో టోక్యోలో వెలువడింది. జపాన్‌లో ఇంగ్లీషు నేర్పిన ఏ.ఎస్. హార్న్‌బీ, మరో ఇద్దరితో కలిసి, పరాయి భాష వాళ్లకు పదం వాడుక తెలియాలనే దాన్ని తయారుచేశారు. ఫోన్లో ట్రాన్స్‌లేట్ యాప్ ఒక్క మాట ఇచ్చి ఊరుకుంటే, ఆ మాట నోటుబుక్కులోకి ఎక్కించే ముందు టీచరుని అడగమనండి.

పదాల నోటుబుక్కులు ఈ సోమవారం బడిలోనే ఇస్తాం, విడిగా కొనక్కర్లేదు. శనివారం ఇంటికి వచ్చినప్పుడు ఒక్కసారి తిరగేసి, చివరి పేజీలో సంతకం చేసి పంపండి. ఈ పద్ధతి మీద మీ అభిప్రాయం చెప్పాలనుకుంటే సాయంత్రం నాలుగు తర్వాత ఏ రోజైనా నా గదికి రావచ్చు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు