వీసీ గారికి బహిరంగ లేఖ: కట్టండి, కానీ మమ్మల్ని చదువుకోనివ్వండి

సార్, కొత్త ల్యాబ్ బ్లాక్ కడుతున్నందుకు నిజంగా సంతోషం, కానీ లైబ్రరీ గోడ అవతలే పొద్దున్నుంచి డ్రిల్లింగ్ నడుస్తుంటే పరీక్షలకు ఎలా చదవాలి? పుస్తకం తెరిస్తే పేజీ మీద తెల్లదుమ్ము, వేలితో రాస్తే గీత పడుతోంది. కాంక్రీటు, టైల్స్ కోసేటప్పుడు లేచే ఆ దుమ్ములో ఊపిరితిత్తులను పాడుచేసే సిలికా ఉంటుంది, నీళ్లు పోస్తూ కోస్తే చాలావరకు అణుగుతుంది. మాకంటే ముందు, మాస్కు లేకుండా రోజంతా అక్కడే ఉండే కూలీల గురించి ఆలోచించండి.

ఇంకోటి, ర్యాంపు. పాతది పగలగొట్టి చెక్క వేశారు, వీల్‌చైర్‌లో వచ్చే మా క్లాస్‌మేట్‌ని ఇద్దరం పట్టుకుని ఎక్కిస్తున్నాం. కొత్తదైనా 1:12 వాలుతో, అంటే అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవుతో కట్టించండి. పరీక్షలయ్యేదాకా డ్రిల్లింగ్ ఆపించండి సార్.